హాని పెరుగు

నాకు పెరుగంటే అసహ్యం. బల్గేరియాలో పుట్టి ఈ మాట అంటే కన్నతల్లిని తిట్టినట్టే చూస్తారు. అయినా అంటాను. డబ్బా మీది రేకు చించగానే వచ్చే ఆ పుల్లటి వాసనకి నేను ముక్కు మూసుకుంటాను. చిన్నప్పుడు ఇలా లేను. మా అమ్మ మట్టి ముంతలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద మీగడ కోసం మా అన్నతో జుట్టూ జుట్టూ పట్టుకున్నదాన్నే. నా నోరు చెడగొట్టింది మేజోళ్ళ మిల్లు.

మా గాబ్రొవో మిల్లులో రంగుల గదివాళ్ళకి పాతరోజుల నుంచీ మనిషికో డబ్బా పెరుగు ఇచ్చే అలవాటుంది. ఆవిరి పీల్చి, రంగునీళ్ళలో చేతులు నాని, ఒంటికి జరిగే హానికి అది విరుగుడట. అందుకే దాని పేరు హాని పెరుగు. "మీకు హాని ఉందా?" అని అడిగితే పెరుగిస్తున్నారా అని అర్థం. ఉందన్నవాళ్ళు అదృష్టవంతులు. డైరెక్టరు మించెవ్ రాత్రి షిఫ్టుకి కూడా హాని ఇస్తానన్న రోజున ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాది పగటి షిఫ్టే అయినా నేనూ కొట్టాను. రాత్రంతా ట్యూబులైట్ల కింద నిలబడి, కళ్ళు ఎర్రగా చేసుకుని, నూలు దుమ్ము దగ్గుకుంటూ బయటికొచ్చేవాళ్ళ చేతికి ఒక ప్లాస్టిక్ డబ్బా. అదీ గడువు తీరబోయే సరుకు. దుకాణంవాడు పారేసే ముందు మించెవ్ చవగ్గా ఎత్తుకొచ్చేవాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి ఇంతకంటే ఏమిస్తాడు?

నిజానికి ఆ తిట్టు ఒక్క మించెవ్‌కే కాదు, మా ఊరందరికీ వర్తిస్తుంది. గాబ్రొవోవాళ్ళ పిసినారితనం మీద దేశమంతా కథలు చెప్పుకుంటారు. చలికాలం పిల్లి గదిలోకి వచ్చేటప్పుడు తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే వెచ్చదనం పోతుందని దాని తోక కోసేస్తామట. రాత్రిపూట చక్రాలు అరిగిపోతాయని గడియారం ఆపి పడుకుంటామట. పిల్లి సంగతి నాకు తెలియదు. గడియారం మాత్రం నిజం. మా అత్త త్సోనా పొద్దుగూకాక గోడ గడియారం తలుపు తీసి, ఊగుతున్న లోలకాన్ని వేలితో ఆపి, దుప్పటి కప్పుకునేది. పొద్దున రేడియో వార్తల వేళకి ముళ్ళు సరిచేసి మళ్ళీ ఊపేది.

"పడుకున్నవాళ్ళకి టైమెందుకే? దాన్నీ కాసేపు పడుకోనీ," అనేది.

అదే వేళకి మా ఆడపడుచు నెద్యాల్కా తలకి గుడ్డ కట్టుకుని రాత్రి షిఫ్టుకి బయల్దేరేది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ గడియారం వైపు చూసి, "దానికున్న యోగం నాకు లేదమ్మా," అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

భర్త మంచాన పడ్డప్పుడు పగలంతా అతన్ని చూసుకోవచ్చని నెద్యాల్కా రాత్రికి మారింది. అతను పోయాడు. రాత్రులు మాత్రం ఆమెకే ఉండిపోయాయి. పగటికి మార్చమని అడిగితే వచ్చే ఏడు చూద్దామనేవారు. అల్లిక మెషీను దగ్గర ఆమె కిటికీకి వీపు పెట్టి నిలబడేది. తెల్లవారడం కనిపించాలని మెషీను కొమ్ముకి చిన్న చేతి అద్దం కట్టుకుంది. అద్దంలో ఆకాశం బూడిదరంగుకి తిరిగితే ఇంక పెరుగు డబ్బా వచ్చేసినట్టే. ఇంటికొచ్చి కిటికీకి దుప్పటి వేలాడగట్టుకుని పడుకునేది. వీధిలో చెత్త బండి, కింద ఇంట్లో కుక్క, నా గిన్నెల చప్పుడు. అది నిద్రా? కళ్ళు మూసుకుని పక్క మీద దొర్లడం. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక ఆదివారం స్నానాలగదిలోంచి నన్ను పిలిచింది. "వదినా, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు," అంది. పెట్టాను. ఎడమ రొమ్ము పక్కన, చంక కింద, బఠాణీ గింజలా గట్టిగా తగిలింది. కొవ్వు గడ్డే అయ్యుంటుందిలే అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

తర్నొవో ఆసుపత్రిలో కోశారు. ఆ తర్వాత మందు ఎక్కించారు. జుట్టు రాలింది, గోళ్ళు నల్లబడ్డాయి, చీజు పొరల బానిత్సా ముక్క నోట్లో పెట్టుకుంటే ఇనుము నాకినట్టుందని ఉమ్మేసేది. అన్నీ అయ్యాక డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టింది. చిన్న వయసే. తడబడకుండా, తొందరపడకుండా మాట్లాడే మనిషి.

"మిల్లులో రాత్రులు చేసేవారా?"

"అవునమ్మా, చాలా ఏళ్ళు."

"ఇకమీదట చెయ్యకండి."

"రాత్రి పనివల్లే వచ్చిందంటారా?" అని నేను అడ్డుపడ్డాను.

"ఫలానా ఒక్క మనిషికి ఇందువల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. కానీ ఏళ్ళ తరబడి రాత్రులు చేసిన ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకుంటే ఈ జబ్బు ఎక్కువ కనిపిస్తోందని కొందరు తేల్చారు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఒక గడియారం ఉంటుంది. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, పగలు చిరిగింది ఎప్పుడు కుట్టుకోవాలి, అన్నీ దాని ప్రకారమే. చీకటి పడితే ఆ గడియారానికి కబురందుతుంది. మీరు రాత్రంతా దీపాల కింద నిలబడితే ఆ కబురందదు. ఆగాల్సిన కణం ఆగకపోవచ్చు. చిరిగింది చిరిగినట్టే ఉండిపోవచ్చు."

నెద్యాల్కా తన నల్లబడ్డ గోళ్ళ వైపు చూసుకుంది. "మా అమ్మ ఇంట్లో గడియారాన్ని రాత్రిపూట ఆపేస్తుందండీ," అంది.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీరు కూడా ఆ పని చెయ్యండి. చీకట్లో పడుకోండి. రోజూ ఒకే వేళకి. మందు ఎంత ముఖ్యమో ఇదీ అంతే అనుకోండి. జబ్బు తిరగబెట్టకూడదంటే మన చేతిలో ఉన్నవి కొన్నే, వాటిలో ఇదొకటి."

ఆ మాట పట్టుకుని మించెవ్ దగ్గరికి వెళ్ళాం. అతని గది మిల్లు పైఅంతస్తులో ఉంటుంది. పట్టపగలు కిటికీ తెరలు దించుకుని దీపాలన్నీ వేసుకుని కూర్చుంటాడు. తలమీద చల్లగాలి యంత్రం రొద. గోడకి తోక కోసిన నల్లపిల్లి బొమ్మ, మిల్లు గుర్తు అదే. మా ఊరి పిసినారి కథలతో మేజోళ్ళ మీద బొమ్మలు వేయించి విదేశాలకి అమ్ముతాడు. లేచి ఎదురొచ్చి నెద్యాల్కా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రా అమ్మా రా! పులిలా ఉన్నావు. ఆడదంటే అలా ఉండాలి. కాఫీ?"

"వద్దండి. పగటి షిఫ్టుకి మార్చమని అడగడానికి వచ్చాను. డాక్టరు రాత్రులు వద్దంది."

"రాత్రి షిఫ్టువల్లే జబ్బొచ్చిందని డాక్టరు చెప్పిందా?"

నెద్యాల్కాకి అబద్ధం రాదు. "అలా చెప్పలేమంది," అంది.

"చూశావా మరి!" అని మించెవ్ చేతులు చాచాడు. "చదువుకున్నావిడే చెప్పలేకపోతే నేనేం చెప్పను? మా అత్తయ్య జన్మలో రాత్రి మేలుకోలేదు, కోడి కంటే ముందే పడుకునేది. ఆవిడకీ వచ్చింది. అయినా నేను రాయిని కాను. రాత్రివాళ్ళకి హాని ఇస్తున్నది ఎందుకు? నీకు రోజుకి రెండు డబ్బాలు ఇమ్మని చెప్తా. మీగడున్నది."

రెండు డబ్బాలు! రొమ్ము కోసేసి కుట్లేసిన మనిషికి, గడువు తీరబోయే పెరుగు ఇంకో డబ్బా. నాకు ఆ బల్ల మీదే కక్కాలనిపించింది.

"పెరుగు సంగతి కాదండీ మాట్లాడేది," అన్నాను. "పగలు ఎక్కడో ఒక చోట పెట్టండి. మెషీను లేకపోతే నా పక్కన జతలు కట్టే పనైనా సరే."

"వెలీకా, నువ్వు తెలివైనదానివి. రాత్రి కరెంటు చవక. అందుకే రాత్రి మెషీన్లు తిరగాలి. అందుకే ప్రతి మెషీను దగ్గరా ఒక మనిషి ఉండాలి. ఈమెను పగటికి తీస్తే అక్కడ ఖాళీ. ఆ ఖాళీ ఎవరితో నింపను?" అని నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఒక పని చెయ్యి. నీ పగలు ఆమెకివ్వు, ఆమె రాత్రి నువ్వు తీసుకో. ఇంట్లోవాళ్ళే కదా, ఒకరికొకరు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే మార్చేస్తా."

నేను తల ఎటూ ఊపలేదు. ఔననడానికి నోరు తెరవబోతే చంక కింద ఆ బఠాణీ గింజ నా వేలికి మళ్ళీ తగిలినట్టయింది. కాదందామంటే నెద్యాల్కా పక్కనే ఉంది.

"ఆలోచించుకో, తొందరేం లేదు," అన్నాడు మించెవ్. చెప్పులో తేలుని పెట్టి నిదానంగా నడవమన్నాడు, దుర్మార్గుడు.

యాంత్రా నది వంతెన మీద నడుస్తుంటే నెద్యాల్కా నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెక్కడ ఔనంటావోనని హడలిపోయాను వదినా," అంది. నా మనసు తేలిక చేద్దామని అన్న మాట అది. చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు.

మర్నాడు బట్టలు మార్చుకునే గదిలో నెద్యాల్కా బదులు రాత్రికి మనిషి కావాలన్న కబురు పాకింది. పగటి షిఫ్టు ఆడవాళ్ళు నెద్యాల్కా వంక చూడడం మానేశారు. ఎక్కడ తమని మారమంటుందోనని. పెన్కా అనే ఒకావిడ, ప్రతి ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించే మనిషి, నా చెవిలో అంది: "రావాల్సిన జబ్బు వచ్చేసింది కదా, ఇంక రాత్రి ఆమెని కొత్తగా ఏం చేస్తుంది? మంచి ఒళ్ళున్నవాళ్ళం మనమెందుకు పోవాలి?"

"నీ నోట్లో పురుగులు పడ," అన్నాను. కానీ ఆమె బయటికి అన్నదే నేను మించెవ్ గదిలో లోపల అనుకున్నాను. ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అంత గట్టిగా తిట్టాను.

నెద్యాల్కా మళ్ళీ రాత్రి షిఫ్టుకే వెళ్ళింది. వెళ్ళక చేసేదేముంది? పగలు పడుకుంటే చెమటలు, ఉలికిపాట్లు. పొద్దున ఆమె తెచ్చిన రెండు డబ్బాలూ వంటింటి బల్ల మీద కూర్చునేవి. మా అత్త వాటిని పారేయనిచ్చేది కాదు. పారేస్తే గాబ్రొవోవాళ్ళం ఎలా అవుతాం? సూపులో కలిపేది, పిండిలో కలిపేది, ఆఖరికి మొహానికి రాసుకునేది. ఇల్లంతా పుల్ల వాసన.

"ఎన్నాళ్ళే ఇలా?" అని ఒక రోజు అత్త నన్నడిగింది.

జరిగింది చెప్పాను. మించెవ్ అడిగింది, నేను మాట్లాడకపోవడం, రెండూ చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "వాడి అమ్మతో కలిసి మగ్గం మీద పనిచేశాన్లే," అని మాత్రం అంది.

వసంతంలో మిల్లు పుట్టినరోజు పండగ వచ్చింది. సరుకు కొనే ఇటలీవాళ్ళు, టీవీవాళ్ళు, పురపాలకవాళ్ళు, బల్లల నిండా వేపుళ్ళు, రాకియా సారా. మిల్లు పాత పనివాళ్ళలో బతికున్న అందరిలో పెద్దది మా అత్తే కాబట్టి వేదిక మీద కూర్చోబెట్టారు. పక్కన ఎక్కడినుంచో తెచ్చిన నిలువెత్తు గడియారం. మించెవ్ పథకం ఏమిటంటే తను గడియారం కథ చెప్తాడు, త్సోనా మామ్మ వచ్చి లోలకం ఆపుతుంది, అందరూ నవ్వుతారు, ఫొటోలు తీస్తారు. అత్త పెట్టెలోంచి తీసిన మంచి గౌను తొడుక్కుని, నాఫ్తలిన్ ఉండల వాసనతో, పెళ్ళికూతురిలా బుద్ధిగా కూర్చుంది.

మించెవ్ మైకు పట్టుకుని కథ చెప్పాడు. బాగానే చెప్పాడు, ఆ విద్య వాడికుంది. అత్త లేచి, గడియారం తలుపు తీసి, వేలితో లోలకాన్ని ఆపింది. చప్పట్లు.

"ఎందుకు ఆపావు మామ్మా?" అని మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టాడు.

"రాత్రంతా తిరిగితే అరిగిపోతుంది నాయనా."

నవ్వులు. చప్పట్లు.

"మరి నా కూతురు అరగదుట్రా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు వెనక ఎవరో పకపకా నవ్వారు. దాంతో అందరికీ అదీ కథలో భాగమేననిపించింది. నవ్వారు. పెన్కా నోట్లో మాంసం ముక్క పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వింది. ఇటలీవాళ్ళు కూడా, ఏమన్నదో తెలియకుండానే నవ్వారు. ముసలి తల్లి కూతురి ప్రాణం అడిగితే హాలు హాలంతా నవ్వింది. నూనె కారే ఆ మూతులు చూస్తుంటే నాకు మనుషులంటేనే రోత పుట్టింది. నెద్యాల్కా నా పక్కన తలగుడ్డ ముందుకు లాక్కుని కూర్చుంది.

మించెవ్ అందరికంటే పెద్దగా నవ్వాడు. "మామ్మా, గడియారానికి కరెంటు అక్కర్లేదు, మెషీన్లకి కావాలి! రాత్రి కరెంటు చవక. చవగ్గా వచ్చేదాన్ని గాబ్రొవోవాడు వదులుకుంటాడా?"

మళ్ళీ చప్పట్లు. అత్త అవి ఆగేదాకా ఊరుకుంది.

"అవునొరే గెన్కో, నువ్వన్నది నిజమే," అంది. వాడి చిన్నప్పటి పేరు మైకులో మోగింది. "మరి పైన నీ ఆఫీసుందే, అది ఎప్పుడు నడుస్తుంది?"

"పగలే మామ్మా, ఇంకెప్పుడు?"

"దీపాలేసుకునే కూర్చుంటారట? మా వెలీకా చూసొచ్చింది. చల్లగాలి యంత్రమట, కాఫీ మెషీనట. అన్నీ పగటి కరెంటే?"

మించెవ్ మొహంలో నవ్వు ఉందిగానీ కళ్ళలో లేదు.

"ఖరీదైన కరెంటు!" అంది అత్త, చెయ్యి బుగ్గన పెట్టుకుని. "ఒరే, మీ తాత లెక్కలన్నీ వెన్నెట్లో కూర్చుని రాసేవాడురా, కొవ్వొత్తి కరిగిపోతుందని. ఆయన మనవడివా నువ్వు? పట్టపగలు తెరలు దించుకుని దీపాలు కాలుస్తావా? నిన్ను గాబ్రొవోలోనే కన్నారా, సోఫియా పట్నంలోంచి ఎత్తుకొచ్చారా? బుద్ధుంటే ఆఫీసుని రాత్రికి మార్చు. గుమాస్తాలూ నువ్వూ రాత్రంతా కూర్చోండి, చవగ్గా పోతుంది. పగలు ఆడపిల్లలకి ఇచ్చెయ్యి. భయపడకు, తెల్లారి పెరుగిస్తార్లే."

ఈసారి నవ్వు వేరు. హాలు కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. రాత్రి షిఫ్టు వాళ్ళు బల్లలు గుద్దారు. పురపాలక అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. టీవీ అబ్బాయి కెమెరా తెచ్చి మించెవ్ మొహానికి ఆనించినంత పని చేశాడు. మా ఊళ్ళో ఒకణ్ణి దొంగ అనండి, దులిపేసుకుంటాడు. కసాయివాడనండి, కాలరు సర్దుకుంటాడు. దుబారా మనిషి అంటే మాత్రం తల ఎత్తుకోలేడు. మించెవ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మళ్ళీ గడియారం నడపమని సైగ చేస్తే, "ఆపినవాళ్ళే నడపాలి, నాకిప్పుడు ఓపిక లేదు," అని అత్త కుర్చీలో కూర్చుని వేపుడు ముక్క అందుకుంది.

మర్నాడే నెద్యాల్కాని పిలిపించాడు. పగటికి మారుస్తున్నానని, అది తన సొంత ఆలోచనేనని, టీవీవాళ్ళు అడిగితే అలాగే చెప్పమని అన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి ఇంకో మాట చేర్చాడట: "రాత్రి నీ మెషీను దగ్గర మనిషి ఉన్నంతకాలమే సుమా. అది ఖాళీ అయితే నువ్వు మళ్ళీ అక్కడికే."

నన్ను మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు. హాయిగా అనిపించింది. ఆ హాయి నాకే నచ్చలేదు.

నెద్యాల్కా నా పక్కన కూర్చుని మేజోళ్ళు జతలు కట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికి రావడం, వేడి సూపు తాగడం, అత్త లోలకం ఆపగానే దీపం తీసి పడుకోవడం. మొదటి రోజుల్లో నిద్ర పట్టేది కాదు, అలవాటు లేని ఒళ్ళు చీకట్లో కళ్ళు తెరుచుకుని ఉండేది. తర్వాత తర్వాత గోడ అవతల నుంచి గురక వినిపించేది. ఆ గురక కోసం నేను మేలుకుని ఉండేదాన్ని. తనిఖీకి వెళ్తే డాక్టరమ్మ, "ఇలాగే కానివ్వండి," అంది. నెద్యాల్కా తలమీద కొత్త జుట్టు కోడిపిల్ల ఈకల్లా మొలిచింది.

నెద్యాల్కా పగటికి మారిన వారంలోనే ఆ మెషీనుకి మనిషి దొరికింది. పేరు తెమెనూజ్కా. నలభై ఏళ్ళు దాటిన మనిషి, పక్క ఊళ్ళో మిల్లు మూతబడితే బస్సులో వచ్చి పోతోంది. ఎర్రటి బుగ్గలు, పెద్ద గొంతు. పొద్దున మేం లోపలికి వెళ్ళే వేళకి ఆమె బయటికొచ్చేది. ఒక రోజు బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చుని పెరుగు డబ్బా రేకు చించుతూ కనిపించింది. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

"చూశారా అక్కా, ఊరికే ఇస్తున్నారు!" అంది మాతో, సంబరంగా. "మా పాత మిల్లులో నీళ్ళు కూడా ఇచ్చేవారు కాదు. మీ పగటి షిఫ్టుకి పెరుగు రాదటగా? రండి, తలో చెంచా తినండి."

"నువ్వు తినమ్మా," అన్నాను.

"నేనెంత అదృష్టవంతురాలినో. మెషీను కూడా మంచిది దొరికింది. ఎవరో పుణ్యాత్మురాలు దానికి చిన్న అద్దం కట్టి పెట్టింది, అందులో తెల్లవారడం కనిపిస్తుంది. ఎవరుండేవారక్కా అక్కడ?"

"నేనే," అంది నెద్యాల్కా.

"అయ్యో, నువ్వా! మరెందుకు వదిలేశావు, అంత మంచి చోటు?"

గదిలో పదిమందిమి ఉన్నాం. మా ఊళ్ళో ఏ ప్రశ్నకైనా ఒక ఎకసెక్కం సిద్ధంగా ఉంటుంది. చావింట్లో కూడా ఎవరో ఒకరు అనేస్తారు. ఆ పూట ఎవరి నోటా రాలేదు. పెన్కా వంగి బూటు లేసు కట్టుకోసాగింది.

నేను వెనకనుంచి నెద్యాల్కా మోచెయ్యి పట్టి గిల్లాను, వద్దని. ఈమెకి చెప్తే ఈమె పోతుంది. పోతే మెషీను ఖాళీ. ఖాళీ అయితే నెద్యాల్కా మళ్ళీ ఆ అద్దం ముందుకే. మించెవ్‌ని తిట్టాను, నవ్వినవాళ్ళని చూసి రోతపడ్డాను, పెన్కా నోట్లో పురుగులు పడాలన్నాను. ఇప్పుడు నా మనసు కోరుకుంటున్నది ఒకటే: ఈ తెమెనూజ్కా నోరు మూసుకుని పెరుగు తిని ఇంటికి పోవాలి, రేపు రాత్రి మళ్ళీ రావాలి. నా నోట్లో పుల్లటి నీళ్ళు ఊరాయి. ఆ పులుపు డబ్బాలోంచి వచ్చింది కాదు.

నెద్యాల్కా నా చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుంది. తెమెనూజ్కా ఆ తల వైపు చూసి, తర్వాత ఆమె గౌను ఎడమ వైపు పల్చగా అణిగి ఉన్న చోటు వైపు చూసింది. చెంచా నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏంటక్కా?" అంది, గొంతు తగ్గించి. "పెరుగు పాడైందా?"

"పెరుగు బాగానే ఉంది," అంది నెద్యాల్కా. ఆమె చేతిలోంచి చెంచా తీసుకుని పక్కన పెట్టింది. "జరుగు, నన్నూ కూర్చోనీ. ఎందుకు వదిలేశానో చెప్తా."